చెత్తకుండి చెంత కాయకధర్మము

శరణధర్మమునకు కాయకము, దాసోహము అనునవి రెండు కన్నులవంటివి. దేహమును శ్రమపెట్టి సత్యమార్గమున ఆర్జించుట కాయకము. ఆ ఆర్జనను తనకును తన కుటుంబమునకును మాత్రమే పరిమితము చేసికొనక జంగమమునకును, సమాజమునకును వినమ్రభావముతో సమర్పించుట దాసోహము. ఈ రెండు మాటలను వినని వీరశైవ కుటుంబము లేదు. అయితే ధర్మమునకు నిజమైన పరీక్ష ఉపన్యాసవేదికమీద జరుగదు. అది ఇంటి వాకిటను, వీధి మలుపునను జరుగును. అట్టి పరీక్షాస్థలములలో ఒకటి వీధిచివరనున్న చెత్తకుండి.

తెల్లవారుజామున భుజమున గోనెసంచి, చేత ఇనుపకొక్కెము ధరించి, ఇండ్లముందటి చెత్తబుట్టలను, వీధిలోని కుండీలను వెదకుచు పోవువారిని చూడని పట్టణవాసి లేడు. చిత్తుకాగితములు ఏరుకొనువారని లోకము వారిని పిలుచును. వారిలో వృద్ధులు కలరు, చంటిబిడ్డను వీపున కట్టుకొనిన తల్లులు కలరు. వారిని చూచినంతనే కొందరు గృహస్థులు కసరుదురు. కొందరు కుక్కను వదలుదురు. కొందరు కుండీకి తాళము వేయింతురు. మరికొందరు తమకేమియు పట్టనట్లు తలుపు వేసికొందురు. ఈ నాలుగు పద్ధతులలో ఏది శరణులకు తగినది? ఏదియు తగనిచో తగినది ఏది? ఈ పాఠమున విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

౧. ఏరుకొనిన బియ్యము

ఈ ప్రశ్నకు సమాధానము కొరకు దూరము పోనక్కరలేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుని కాలమున వెలసిన శరణులలో ఆయ్దక్కి మారయ్య ఒకడు. కన్నడమున 'ఆయ్ద' అనగా ఏరినది, 'అక్కి' అనగా బియ్యము. నేలపై రాలిన బియ్యపుగింజలను ఒక్కొక్కటిగా ఏరి తెచ్చుటయే ఆయన కాయకము. ఆ కాయకమే ఆయన పేరైనది. ఇతరులు జారవిడిచిన దానిని వంగి ఏరుకొని, దానితో వండి, జంగమదాసోహము గావించిన ఆ దంపతులను అనుభవమండపము గౌరవించినది. రాయచూరు ప్రాంతమునకు చెందిన అమరేశ్వరమునుండి వచ్చిన మారయ్య, లక్కమ్మ అమరేశ్వరలింగమును తమ అంకితమున నిలుపుకొని వచనములు చెప్పిరి. కాయకమును కైలాసముతో సమానము చేసి చెప్పిన ప్రసిద్ధ వచనము ఈ మారయ్యదే. రాజాస్థానమున గద్దెమీద కూర్చున్న వానినుండి గాక, నేలమీది గింజలను ఏరుకొనిన వానినుండి ఆ మాట వచ్చుట గమనింపదగినది.

ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. అది చూచి లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటి అవసరమునకు మించినది దురాశకు దారితీయునని చెప్పి, అధికముగా తెచ్చిన దానిని ఎచ్చటినుండి తెచ్చితివో అచ్చటనే విడిచిరమ్మని భర్తను పంపెను. దారిద్ర్యమున ఉన్నవారు తప్పక లోభమున కూడ ఉందురనుకొనువారికి ఈ వృత్తాంతము సమాధానము. ఆ ఇంట ధనము లేదు గాని లేమి లేదు.

అదే కోవకు చెందినది సత్యక్క చరిత్ర. శివభక్తుల ముంగిళ్ళను ఊడ్చుట ఆమె కాయకము. దారిలో బంగారమో, వస్త్రమో పడియున్నను చేతితో తాకనని ప్రతిజ్ఞ చేసిన తల్లి ఆమె. మాదార చెన్నయ్య, డోహర కక్కయ్య, మడివాళ మాచయ్య, నులియ చందయ్య మొదలగువారి పేర్లను స్మరించినపుడెల్ల వారి వారి వృత్తులు కూడ స్మరణకు వచ్చుచునే యున్నవి. చెప్పులు కుట్టుట, తోలు పదును చేయుట, బట్టలు ఉతుకుట, త్రాళ్ళు పేనుట - ఇవి వారి బిరుదములు. వారిని పూజించుచు వాకిటనున్న ఏరుకొనువారిని ఛీకొట్టుట పొసగని పని.

౨. గోనెసంచిలోనిది ఎచ్చటికి పోవును

ఏరుకొనువాడు చేయుచున్న పని యేమో తెలిసికొనక వానిని గూర్చి తీర్పు చెప్పరాదు. ఒక ఇంటివారు పారవేసినదంతయు అతడు తీసికొనిపోడు. కాగితములు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు, పాలపొట్లములు, గాజుసీసాలు, ఇనుము, అల్యూమినియపు డబ్బాలు - అమ్ముడుపోవు వస్తువులను మాత్రమే కంటితోడనే పోల్చుకొని తీయును. వానిని రకములుగా విడదీసి పాత సామానుల అంగడిలో తూకమునకు అమ్మును. చిన్న అంగడివాడు పెద్ద వర్తకునకు, ఆ వర్తకుడు కర్మాగారమునకు అమ్మును. చిత్తుకాగితము మరల కాగితమగును. నీళ్ళ సీసాలను కరగించి దారము తీసి బట్ట నేయుదురు. గాజును ఎన్ని మారులైనను కరగించి మరల పోతపోయవచ్చును. ఖనిజమునుండి క్రొత్తగా అల్యూమినియము తీయుటకు పట్టు శక్తిలో సుమారు 5 శాతముతోనే పాత అల్యూమినియమును తిరిగి వాడుకకు తేవచ్చును.

ఈ గొలుసులో మొదటి కొక్కెము తెల్లవారుజామున చెత్తకుండిలో వంగినవాని చేతిలోనిది. అతడు తీయనిచో ఆ వస్తువులన్నియు ఊరి వెలుపలి చెత్తగుట్టమీదికి చేరును. అచ్చట కాలి పొగయగును, లేక వానకు మురికికాలువలలో చేరి అడ్డుపడును. ఎంగిలి మెతుకులతో ముడివేసి పారవేసిన ప్లాస్టిక్ సంచులను వీధిపశువులు సంచితో సహా మ్రింగి కడుపు బిగిసి మరణించుచున్నవి. బసవనికి మ్రొక్కువారు దీనిని మరువరాదు. ఏరుకొనువాడు పురమునకు చేయుచున్న ఈ సేవకు పురము వానికి జీతమియ్యదు. వానికి లభించునది తూకము వెలయే. తడిసిన కాగితమునకు ఆ వెల కూడ తగ్గును. కనుక చెత్తను కలిపి పారవేసిన గృహస్థుడు తనకు తెలియకయే వాని కూలిలో కొంత కోత కోయుచున్నాడు.

౩. ఆక్షేపణలు - సమాధానములు

ఇండ్లవారు చెప్పు ఆక్షేపణలలో కొన్ని నిజమైనవి. వానిని త్రోసిపుచ్చక విచారించుటయే న్యాయము.

మొదటి ఆక్షేపణ: వారు కుండీని కెలికి చెత్తనంతయు వీధిలో చల్లిపోవుదురు. ఇది కొన్ని చోట్ల సత్యమే. అయితే కెలుకుటకు కారణమేమి? అమ్ముడుపోవు వస్తువు అడుగున, అన్నము, కూరల తొక్కలు పైన ఉండుటయే. పొడిచెత్తను వేరుగా ఒక సంచిలో కట్టి యిచ్చిన ఇంటివద్ద కెలుకవలసిన అవసరమే రాదు. చల్లిన చెత్తకు సగము బాధ్యత కలిపినవానిది.

రెండవ ఆక్షేపణ: ఏరుకొను నెపమున దొంగతనమునకు వత్తురు. దొంగ ఏ వేషముననైనను రావచ్చును. తెల్లబట్టలతో వచ్చినవానిని కూర్చుండబెట్టి, గోనెసంచితో వచ్చినవానిని మాత్రము అనుమానించుట వివేకము కాదు. బసవేశ్వరుని ఆవులను దొంగలు తోలుకొనిపోయినపుడు, తల్లులు లేక దూడలు ఆకలిగొనునని దూడలను కూడ పంపించెనని శరణచరిత్ర చెప్పును. అంతటి ఔదార్యము అందరికిని సాధ్యము కాకపోవచ్చును. గృహస్థుడు తన ఇంటిని కాపాడుకొనుట తప్పు కాదు. ప్రహరి లోపలికి ఎవరిని రానీయక, చెత్తబుట్టను గేటు వెలుపల నియమితవేళకు ఉంచినచో జాగ్రత్తయు నిలుచును, మర్యాదయు నిలుచును. ఋజువు లేక ఒక పేదవానిపై దొంగతనము మోపుట మాత్రము మహాపాపము. ఆ నింద పడినవానికి ఆ వీధిలోనే గాక చుట్టుపట్ల వీధులన్నింటను జీవనము మూతపడును.

మూడవ ఆక్షేపణ: ఇంటి రహస్యములు బయటపడును. ఉత్తరములు, బ్యాంకు కాగితములు, ఆధార్ నకళ్ళు, పేర్లు వ్రాసిన మందుల చీటీలు చెత్తలో పడుట నిజమే. దీనికి మందు ఇంటివారి చేతిలోనే యున్నది. పేరును, సంఖ్యలును ఉన్న కాగితమును చింపి ముక్కలు చేసి పారవేయవలెను. అట్లు చేసిన పిమ్మట ఎవరు వెదకినను భయము లేదు.

నాలుగవ ఆక్షేపణ: వారివలన రోగములు వచ్చును. ఈ మాటను తిరగవేసి చూడవలెను. పగిలిన గాజు, వాడిన బ్లేడు, సూది, రక్తమంటిన గుడ్డ, చిన్నబిడ్డల మలినపుపొట్లము - ఇవన్నియు ఇంటినుండి వెడలినవే. అవి కోసికొనునది, గుచ్చుకొనునది ఏరుకొనువాని చేతికే. రోగము ఇంటినుండి వానికి పోవుచున్నది గాని వానినుండి ఇంటికి వచ్చుట లేదు.

అయిదవ ఆక్షేపణ: ఇట్లు ఆదరించినచో వారు ఎల్లకాలము ఆ పనియందే ఉండిపోవుదురు. ఇది ఆలోచింపదగిన మాట. మారయ్య ఏరినది శుభ్రమైన బియ్యము. ఆయన ఆ కాయకమును తానై వరించెను. నేటి ఏరుకొనువారిలో పెక్కుమంది ఆ పనిని వరింపలేదు. భూమి లేక, చదువు లేక, పుట్టిన కులము కారణముగా మరియొక తలుపు తెరువబడక వచ్చినవారే. కనుక కాయకమను పవిత్రమైన పేరు పెట్టి వారిని ఆ మురికిలోనే ఉంచుట బసవేశ్వరుని మార్గము కాదు. వృత్తికి కులమును కట్టివేసిన కట్టుబాటును త్రెంచుటకే ఆయన పాటుపడెను. పని చేయువానికి నేడు గౌరవము, వాని బిడ్డకు రేపు చదువు - ఈ రెండును కలిసి నడువవలెను. మొదటిది ఇచ్చి రెండవది మరచినచో అది దయ కాదు, సౌకర్యము మాత్రమే.

౪. గృహస్థులకు ఆచరణ

ఉపదేశము ఆచరణలోనికి దిగనిచో అది ఎండిన ఏరు. కావున ప్రతి కుటుంబము ఈ క్రింది నియమములను పాటింపదగును.

తడిచెత్తను, పొడిచెత్తను ఇంటిలోనే వేరుచేయవలెను. నగరముల చెత్తలో సుమారు సగము తడిచెత్తయే. పెరడున్నవారు దానిని గుంటలో వేసి మట్టి కప్పి ఎరువు చేసికొనవచ్చును. హైదరాబాదునందు 2015లో ఇంటింటికి పచ్చనిది, నీలిది అని రెండు బుట్టలు పంచిరి. ఆ బుట్టలు అనేక గృహములందు బియ్యము పోసికొనుటకును, నీళ్ళు పట్టుకొనుటకును ఉపయోగపడినవి. బుట్ట వచ్చినంత మాత్రమున అలవాటు రాదు. ఇంటి యజమానురాలు మాత్రమే గాక యజమానుడును, పిల్లలును ఈ నియమమును స్వీకరింపవలెను.

పాలపొట్లములను, సీసాలను నీటితో తొలిచి ఆరబెట్టి సంచిలో వేయవలెను. పగిలిన గాజును, బ్లేడును మందపు కాగితమున చుట్టి, అట్టపెట్టెలోనుంచి, పైన ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టవలెను. మలినవస్త్రములను, బిడ్డల పొట్లములను కాగితమున చుట్టి వేరుగా ఉంచవలెను. ఇన్సులిన్ సూదులను గట్టి డబ్బాలో మూతపెట్టి వేరుగా అందజేయవలెను. కేంద్రప్రభుత్వము 2016లో ప్రకటించిన ఘనవ్యర్థ నియమములు కూడ చెత్తను మూడు విధములుగా వేరుచేయుమనియు, మలినవస్త్రములను చుట్టి యిమ్మనియు గృహస్థులను ఆదేశించినవి. చెత్త ఏరుకొనువారిని గుర్తించి పారిశుద్ధ్యవ్యవస్థలో చేర్చుకొనవలెనని పురపాలకసంఘములకు చెప్పినవియు ఆ నియమములే.

వచ్చువారితో మాటలాడు పద్ధతి అన్నింటికంటె ముఖ్యమైనది. "ఏయ్", "ఒసే" అను పిలుపులు శరణుల నోట రాదగవు. వయస్సునుబట్టి అక్కా, అన్నా, పెద్దమ్మా, తాతా అని పిలువవలెను. "అక్కా, పొడిచెత్త ఈ సంచిలో కట్టియుంచితిమి. రోజూ ఏడుగంటలకు గేటువద్ద పెట్టుదుము. కుండీ కెలుకవద్దమ్మా" అని ఒకమారు నెమ్మదిగా చెప్పినచో నూరు కసురులు చేయని పని జరుగును. వేసవిలో చెంబెడు నీళ్ళు ఇచ్చుటకు ధనము అక్కరలేదు. ఇచ్చు నీళ్ళు ఇంటివారు త్రాగు పాత్రతోనే ఇచ్చుట శరణధర్మము. వేరుపాత్ర ఉంచుట బసవేశ్వరుడు కూలద్రోసిన గోడను మరల కట్టుటయే.

ఏరుకొనువారిలో బడియీడు పిల్లలు కనబడినచో వారికి నాణెము వేసి పంపివేయుట చాలదు. నిర్బంధవిద్యా చట్టము 2009లో వచ్చినది. ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల వరకు ప్రతి బిడ్డకును ఉచితవిద్య హక్కైనది. తల్లిదండ్రులతో మాటలాడి దగ్గరి బడిలో చేర్పించుట, ఆపదలోనున్న బిడ్డ కనబడినపుడు 1098 అను పిల్లల సహాయసంఖ్యకు తెలుపుట గృహస్థులు చేయదగిన పనులు.

౫. మఠములకును, సంఘములకును

మఠముల విషయము మరింత సూక్ష్మమైనది. జాతరలయందును, ఆరాధనలయందును వేలమందికి దాసోహము జరుగును. ముందు వాకిట అన్నము వడ్డింపబడుచుండగా వెనుక వాకిట ఎంగిలి విస్తళ్ళలో మిగిలిన మెతుకులను ఏరుకొనుచు ఆకలిగొన్నవారు కనబడుట అరుదు కాదు. వారిని కఱ్ఱతో తరుముటయు కలదు. ఇచ్చట రెండు దోషములున్నవి.

మొదటి దోషము విస్తరిలో మిగిల్చినవానిది. ప్రసాదము అష్టావరణములలో ఒకటి. లింగమునకు అర్పించి స్వీకరించిన పదార్థమును పారవేయరాదని పెద్దలు నియమించిరి. కావలసినంత మాత్రమే వడ్డింపించుకొని విస్తరిని శుభ్రముగా ముగించుట వీరశైవుల ఆచారము. ఆ ఆచారము నిలిచిన పంక్తిలో చెత్తకుండికి చేరు అన్నమే యుండదు.

రెండవ దోషము నిర్వాహకులది. వెనుక వాకిట ఏరుకొనువానికి ముందు వాకిట పీట దొరకకపోవుటయే ఆ దోషము. దాసోహమునకు అర్హత ఆకలి. చెత్త ఎత్తువారిని, ఏరుకొనువారిని పిలిచి, అందరితోపాటు పంక్తిలో కూర్చుండబెట్టి, మొదటనే వడ్డించు నియమమును ప్రతి మఠము పెట్టుకొనదగును. చివర మిగిలినదానిని గంపలో పోసి ఇచ్చుట దాసోహము కాదు. తుమకూరు సిద్ధగంగామఠమున శ్రీ శివకుమారస్వాములు (1907-2019) కులమతభేదము పాటింపక వేలకొలది విద్యార్థులకు అన్నమును, విద్యను, ఆశ్రయమును కల్పించిన రీతి ఈ విషయమున మార్గదర్శకము. ఏరుకొనువారి బిడ్డలకు వసతిగృహములలో స్థానమిచ్చుట మఠములకు అసాధ్యము కాదు.

వీధిసంఘములు, యువకమండలులు చేయదగిన పనియు కలదు. పూనా నగరమున చెత్త ఏరుకొనువారు 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అను సంఘముగా ఏర్పడిరి. కాగితము, గాజు, రేకు ఏరు కష్టజీవుల పంచాయతి అని దాని యర్థము. అందునుండి వెలువడిన స్వచ్ఛ్ అను సహకారసంఘము 2008లో నగరపాలికతో ఒడంబడిక చేసికొని ఇంటింటి చెత్తసేకరణను చేపట్టినది. నిన్న కుండీని రహస్యముగా వెదకిన స్త్రీయే నేడు గుర్తింపు కార్డుతో, తోపుడుబండితో తలుపువద్దకు వచ్చి రుసుము తీసికొనుట అచ్చట సాధ్యమైనది. బెంగుళూరున కూడ 2011 నుండి ఇట్టివారికి నగరపాలిక గుర్తింపు కార్డులు ఇయ్యసాగెను. మురుగుకాలువల పారిశుద్ధ్య కార్మికులకై కేంద్రము నడుపుచున్న నమస్తే పథకమున 2024లో చెత్త ఏరుకొనువారిని కూడ చేర్చిరి. చదువుకొనిన యువకుడొకడు ఒక దినము వెచ్చించి తన వీధికి వచ్చువారిని పురపాలక కార్యాలయమునకు తోడుకొనిపోయి, పేర్లు నమోదు చేయించుటకు దరఖాస్తు వ్రాసిపెట్టినచో అది గొప్ప దాసోహము. ధనమే గాక అక్షరమును కూడ అర్పింపవచ్చును.

౬. ఫలశ్రుతి

చెత్తకుండి ఒక అద్దమువంటిది. అందులో ఏరుకొనువాని దారిద్ర్యముకంటె ముందు పారవేసినవాని జీవితము కనబడును. ఎంత కొనిరో, ఎంత వ్యర్థపరచిరో, ప్రసాదమును ఎట్లు చూచిరో, పరుని చేతిని ఎంత తలచిరో అది చూపును. పరుని తనవానిగా భావింపుమని ఉపదేశించిన బసవేశ్వరుని భక్తుడు చెత్తను కట్టునపుడు కూడ, దానిని విప్పు చేతిని తలచుకొనును. ఆ తలంపు కలిగిననాడు గాజుముక్కను కాగితమున చుట్టుటయు పూజయే యగును. ఏరుకొనువాడు తన వంతు కాయకమును నడుము వంచి చేయుచునే యున్నాడు. ఇంటివారు తమ వంతు దాసోహమును చేసినగాని ఆ వీధిలో ధర్మము పూర్తి కాదు.

కుటుంబములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. ఆయ్దక్కి మారయ్య అధికముగా తెచ్చిన బియ్యమును లక్కమ్మ ఎందుకు వెనుకకు పంపెను? ఈ నీతి ఇంటి సరకుల కొనుగోలునకు ఎట్లు వర్తించును?

2. ఈ వారము ఇంటినుండి వెడలిన చెత్తలో ఏరుకొనువాని చేతికి గాయము చేయదగినవి ఎన్ని? వానిని ఎట్లు చుట్టి పంపిరి?

3. వీధికి ప్రతిదినము వచ్చి ఏరుకొనువారి పేరు ఇంటిలో ఎవరికైనను తెలియునా? తెలియనిచో రేపు ఉదయము అడిగి తెలిసికొనుట ఈ పాఠమునకు మొదటి ఆచరణ.

శరణు శరణార్థి.